లేదు – దొరకలేదు

మా యింట్లో కళ్ళజోడు కనిపించకుండా పోవడం వారానికి రెండుసార్లయినా జరిగే విశేషం. బల్లమీద ఒకసారి చూసి, "లేదు" అని నేను కేకవేస్తాను. వంటింట్లోనుంచి మా ఆవిడ, "లేదనకండి, దొరకలేదనండి" అని సవరిస్తుంది. ఆ తరువాత తానే వచ్చి, నేను సగం చదివి మూసిపెట్టిన పుస్తకంలోనుంచి ఆ వస్తువును తీసి నా చేతికిస్తుంది. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఈ రెండు మాటలకూ గల భేదం నాకు తెలియక కాదు. కాని ఆ భేదం ఖరీదు రూపాయలలో ఎంత ఉంటుందో మాత్రం 2025 కార్తీకమాసంలో మా చిన్నాయన మూలంగా తెలిసివచ్చింది. ఆ సంగతే ఈ వారం మనవి చేస్తాను.

మా చిన్నాయనది జమ్మికుంట పక్కన ఒక పల్లె. నాలుగెకరాల చెలక ఉన్నది. ఏటా పత్తి వేస్తాడు. పత్తి రైతుకు దసరా దాటిందంటే చేతినిండా పని, మనసునిండా లెక్కలు. ఏరిన పత్తిని ఇంట్లో పోసుకొన్నంతసేపూ ఎలుకల భయం, నిప్పు భయం. తొందరపడి అమ్మితే ధర భయం. 2025-26 కాలానికి కేంద్ర ప్రభుత్వం మధ్యరకం పింజకు క్వింటాలుకు 7,710 రూపాయలు, పొడవు పింజకు 8,110 రూపాయలు మద్దతు ధరగా ప్రకటించింది. భారత పత్తి సంస్థవారు కొనేటప్పుడు తేమ నూటికి ఎనిమిది పాళ్ళలోపు ఉంటే పూర్తి ధర ఇస్తారు. పన్నెండు పాళ్ళదాకా కొంత కోత పెట్టి కొంటారు. అది దాటితే కొనరు. ఇది చాలదన్నట్టు ఆ ఏడే కపాస్ కిసాన్ అని సెల్‌ఫోనులో ఒక ఏర్పాటు వచ్చింది. రైతు ముందుగా తన పేరు నమోదు చేసుకొని, ఏ రోజున సరుకు తేవాలో ఆ రోజును అందులోనే ఖాయపరచుకోవాలి. అంటే పత్తి రైతుకు తరాజు ఎంతో సెల్‌ఫోనూ అంతే అయిందన్నమాట.

దసరాకు చిన్నాయన కరీంనగరం వచ్చి మా యింట్లో రెండు రోజులున్నాడు. మా అమ్మాయి బి.ఎస్‌సి. ఆఖరి సంవత్సరం. కంప్యూటర్లు చదువుతున్నది. కాలేజీలో ఏదైనా ఒక వెబ్ ఆప్ తయారుచేసి చూపించాలన్నారట. "తాతా, నీకోసం మార్కెట్టు ధరలు చూపే పేజీ ఒకటి చేస్తాను. ఊరి పేరు కొట్టితే చాలు, ఆనాటి పత్తి ధర కనిపిస్తుంది" అన్నది. చిన్నాయన పొంగిపోయాడు. "గంతకన్న ఏం గావాలె బిడ్డా" అని ఆమె తల నిమిరాడు.

ఇంతకూ ఆ ధరలు ఎక్కడినుంచి వస్తాయని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. 2000 సంవత్సరంలో కేంద్ర వ్యవసాయశాఖవారు అగ్‌మార్క్‌నెట్ అని ఒక ఏర్పాటు చేశారు. దేశంలోని వ్యవసాయ మార్కెట్లనుంచి ఏ రోజు ధరలు ఆ రోజు అందులోకి చేరుతాయి. రాష్ట్రం, జిల్లా, మార్కెట్టు, సరుకు, అందులో రకం, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకుకు పలికిన ధర – ఇలా ఒక్కొక్క వరుస ఉంటుంది. 2012లో ప్రభుత్వంవారు ప్రజలందరికీ అందుబాటులో ఉండే సమాచార భాండాగారం ఒకటి తెరిచారు. ఇంటర్నెట్టులో దాని చిరునామా డేటా.గవ్.ఇన్. ఆనాటి మార్కెట్టు ధరల పట్టిక అందులోనూ దొరుకుతుంది. మనుషులు చదువుకోవడానికే కాక, ఇంకొక యంత్రం వచ్చి అడిగి తీసుకుపోవడానికి కూడ అక్కడ ఒక మార్గం ఉన్నది. దానినే ఏపీఐ అంటారు.

ఏపీఐ అంటే బెదరనక్కరలేదు. మా కాలేజీ గ్రంథాలయంలో ఒకప్పుడు పిల్లలను బీరువాల దగ్గరికి పోనిచ్చేవారు కాదు. ఒక కిటికీ ఉండేది. ఏ పుస్తకం కావాలో చీటీమీద వ్రాసి కిటికీలో ఇస్తే, లోపలి గుమాస్తా వెతికి తెచ్చి ఇచ్చేవాడు. ఏపీఐ అటువంటి కిటికీయే. మా అమ్మాయి పేజీ చీటీ పంపుతుంది. భాండాగారంవారి యంత్రం వరుసలు పంపుతుంది. ఆ వరుసలలోనుంచి మనకు కావలసినవి ఉంచుకొని తక్కినవి వదిలేయడానికి ఫిల్టరు అని పేరు. మన భాషలో జల్లెడ పట్టడమే.

అమ్మాయి పని మొదలుపెట్టింది. అసలు కిటికీ జోలికి పోకముందు, పరీక్షించి చూసుకోవడానికి ఒక నమూనా పట్టిక తానే తయారుచేసుకొన్నది. అందులో పది వరుసలు. తాత మీది అభిమానంకొద్దీ మొట్టమొదటి వరుసలోనే జమ్మికుంటను పెట్టింది. పేజీలో జమ్మికుంట అని కొడితే టక్కున వరుస కనిపించింది. చిన్నాయన చూసి మురిసిపోయాడు. ఆయన ఊరికి పోయిన తరువాత నమూనాను తీసివేసి, అసలు కిటికీకి పేజీని తగిలించి, ఆ లంకెను తాత సెల్‌ఫోనుకు పంపించింది. పంపించి తన పరీక్షల చదువులో పడిపోయింది.

కార్తీకమాసంలో ఒక సోమవారంనాడు చిన్నాయన ఆ పేజీ తెరిచాడు. "నేడు ఈ మార్కెట్టులో పత్తి రాలేదు" అని వచ్చింది. మంగళవారం చూశాడు. అదే మాట. బుధవారం అదే మాట. మొదటి ఏరుడు పత్తి ఎనిమిది క్వింటాళ్ళు ఇంట్లో ఉన్నది. కైకిలివాళ్ళకు డబ్బివ్వాలి. ఆకాశం మబ్బుగా ఉన్నది. మార్కెట్టు నడవడం లేదు కాబోలునని అనుకొన్నాడు. సరిగ్గా ఆ వేళకు ఊళ్ళో కొనుగోలుచేసే ఆసామి ఒకడు నోట్లకట్టతో గుమ్మంలోకి వచ్చాడు. మద్దతు ధరకన్న క్వింటాలుకు వెయ్యి రూపాయల పైచిలుకు తక్కువకు బేరం కుదిరింది. చిన్నాయన సగం పత్తి, అంటే నాలుగు క్వింటాళ్ళు, తూచి ఇచ్చేశాడు. మరునాడు జమ్మికుంటనుంచి వచ్చిన పక్కింటివాడు చెప్పాడట: మార్కెట్టు మూడు రోజులనుంచీ నడుస్తూనే ఉన్నది, బండ్లు బారులు తీరి ఉన్నవి!

సాయంత్రం చిన్నాయన ఫోను చేశాడు. కోపం లేదు. "ఏం లేదు బిడ్డా, మనుమరాలి పేజిల మార్కెట్ల పత్తి రాలేదని పడ్డది. సేటు ఇంటికే అచ్చిండు, సగం ఇచ్చేసిన. గది మల్ల ఒకసారి సూడుమను" అన్నాడు. ఆ మాట విని మా అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

తప్పు ఎక్కడున్నదో ఆమెకు తెలియడానికి రెండు గంటలు పట్టింది. పేజీ చెడిపోలేదు. జల్లెడకు చిల్లి పడలేదు. జమ్మికుంట అన్న మాట సరిగానే పోలుస్తున్నది. ఐనా వరుస లేదు. చివరకు కిటికీలోనుంచి వచ్చిన జవాబును జవాబుగానే తెరమీద పరిచి చూసింది. అందులో ఉన్నవి పదే పది వరుసలు! అందులో మన రాష్ట్రం ఊరు ఒక్కటీ లేదు. ఆ కిటికీవద్ద నమూనాకని ఇచ్చే తాళంచెవి పెట్టి అడిగితే ఏ చీటీకైనా పది వరుసలకు మించి ఇవ్వరు. పేరు నమోదు చేసుకొని సొంత తాళంచెవి తీసుకొన్నవారు కూడ ఎన్ని కావాలో చీటీలో వ్రాయాలి. అమ్మాయి నమూనా చెవితోనే అడిగింది. దేశం మొత్తంలో ఆనాడు చేరిన వరుసలలో మొదటి పదీ వచ్చి పడ్డాయి. ఆ పదింటినీ ఇంటికి తెచ్చుకొని, వాటిలో జమ్మికుంటకోసం జల్లెడ పట్టింది. ఎట్లా దొరుకుతుంది?

మా ఆవిడకు కంప్యూటరు సంగతి తెలియదు. అప్పుడు చాట ముందు పెట్టుకొని బియ్యం చెరుగుతున్నది. సంగతంతా విని, "బస్తా పైనుంచి ఒక దోసెడు తెచ్చి చెరిగి, ఇందులో రాయి లేదు కాబట్టి బస్తాలోనే రాయి లేదన్నట్టున్నది మీ లెక్క" అన్నది. ఇంతకన్న చక్కగా చెప్పిన పాఠ్యపుస్తకం ఉంటే నాకు చూపించండి.

ఇక్కడ నేర్చుకోవలసిన మొదటి సంగతి ఇది. జల్లెడ రెండుచోట్ల పట్టవచ్చు. కిటికీకి అవతల ఒకటి, ఇవతల ఒకటి. చీటీలోనే "రాష్ట్రం తెలంగాణ, జిల్లా కరీంనగర్, మార్కెట్టు జమ్మికుంట, సరుకు పత్తి" అని వ్రాసి పంపితే, అవతలి యంత్రం తన బస్తా అంతా చెరిగి మనకు కావలసినదే ఇస్తుంది. అట్లా కాక ఊరికే "ధరలు ఇవ్వండి" అని అడిగి, ఇచ్చినవి తెచ్చుకొని ఇవతల జల్లించితే, మన జల్లెడ ఎంత మంచిదైనా మనకు ఇచ్చినంతమేరకే పనిచేస్తుంది.

అయితే ఎప్పుడూ అవతలనే జల్లించాలా? అక్కరలేదు. సరుకు కొంచెమై, అంతా మన దగ్గరకు వచ్చి ఉంటే ఇవతలి జల్లెడే మేలు. జమ్మికుంటలోని ఆనాటి వరుసలన్నీ ఒకసారి తెచ్చుకొన్నామనుకోండి. ఆ తరువాత పత్తి చూడాలన్నా, మక్కలు చూడాలన్నా మాటిమాటికీ కిటికీకి పరుగెత్తనక్కరలేదు. తాత వేలు కదిపినంతలో జవాబు వస్తుంది. కాని దేశంలోని వేలాది వరుసలను ఒక ముసలాయన చిన్న ఫోనులోకి దింపి, అక్కడ జల్లించమంటే, సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే పల్లెలో అది తెల్లవారేదాకా తిరుగుతూనే ఉంటుంది. పెద్ద జల్లెడ అవతల, చిన్న జల్లెడ ఇవతల – ఇదీ సూత్రం.

రెండవ సంగతి ఇంకా చిన్నది, ఇంకా ముఖ్యమైనది. ఆ కిటికీ పంపిన జవాబులో తలకట్టున కొన్ని అంకెలు ఉంటాయి. ఈ ప్రశ్నకు మొత్తం వరుసలు ఎన్ని, ఇప్పుడు పంపినవి ఎన్ని, ఎన్నవ వరుసనుంచి మొదలుపెట్టి పంపినవి అని. మొత్తం ఎక్కువై, పంపినవి పదే ఉన్నవంటే, ఇంకా మిగిలి ఉన్నదని గుమాస్తా నోరు విప్పి చెప్పినట్టే. తరువాతి పది, ఆ తరువాతి పది అని వరుసగా అడిగి తెచ్చుకోవడానికి వీలున్నది. మా అమ్మాయి ఆ తలకట్టు చదవలేదు. నేను ఆమెను తప్పుపట్టలేను. పరీక్ష పేపరుమీద "ఏవైనా ఐదింటికి మాత్రమే" అన్న వాక్యం చదవకుండా పదికీ జవాబులు వ్రాసే విద్యార్థులను ఏటా చూస్తూనే ఉన్నాను.

చీటీలోనే ఊరి పేరు వ్రాయడం మొదలుపెట్టేసరికి ఇంకొక చిక్కు బయటపడింది. ఆ పట్టికలో ఊళ్ళపేర్లూ, సరుకులపేర్లూ ఇంగ్లీషు లిపిలో ఉన్నవి. తాత కొట్టేది తెలుగులో. మధ్యన తెలుగు పేరుకు ఎదురుగా ఇంగ్లీషు పేరు వ్రాసిన జాబితా ఒకటి తయారుచేయవలసివచ్చింది. ఆ జాబితా పని నా నెత్తిన పడింది. తెలుగు చదివినందుకు ఇన్నాళ్ళకు ఇంట్లో ఒక ఉపయోగం కలిగిందని సంతోషించాను.

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళు ఆదిలాబాదులో ఉన్నాను. అక్కడి పత్తి మార్కెట్టు పేరు పత్తి పండించేవారందరూ ఎరిగినదే. కాబట్టి జాబితాలో ఆదిలాబాదు తరువాత ఆ దిక్కునే ఉన్న మరొక పత్తి ఊరు భైంసాను చేర్చాను. అమ్మాయి యంత్రంలో భైంసా అని కొడితే దొరుకుతున్నది. నేను నా పాత కంప్యూటరులో వ్రాసి పంపిన భైంసా మాత్రం దొరకలేదు! కంటికి రెండూ ఒకటే. భూతద్దం పెట్టి చూసినా ఒకటే. విచారిస్తే తేలినదేమంటే, భైంసాలోని ఐత్వాన్ని యంత్రంలో రెండు విధాల దాచవచ్చు. ఐత్వం మొత్తానికి కలిపి ఒకే సంకేతసంఖ్య ఒక పద్ధతి. పైన ఎత్వానికి ఒక సంఖ్య, కింద ఉండే ఐత్వపు గుర్తుకు మరొక సంఖ్య రెండవ పద్ధతి. యూనికోడు శాస్త్రం ప్రకారం ఈ రెండూ సమానమే. కాని ఆ సమానత్వం చెప్పితేగాని యంత్రానికి తెలియదు. "రామాలయము" అని సంధి కలిపి వ్రాసినా, "రామ ఆలయము" అని విడదీసి వ్రాసినా మా విద్యార్థికి ఒకటే అర్థం. యంత్రానికి అవి రెండు వేరు మాటలు. అందుచేత పోల్చేముందు రెంటినీ ఒకే రూపానికి తెచ్చుకోవాలి. ఆ పైన కొందరు భైంసా అనీ, కొందరు బైంసా అనీ వ్రాసేవారుండనే ఉన్నారు. రెండు రూపాలనూ జాబితాకెక్కించాను.

జిల్లాపేరుతో జల్లించడం మరొక తమాషా. 2016 అక్టోబరు 11న జిల్లాలను విభజించినప్పుడు ఆదిలాబాదు నాలుగు జిల్లాలయింది. ఆదిలాబాదు కాక నిర్మల్, మంచిర్యాల, కొమరంభీం ఆసిఫాబాద్ వచ్చాయి. కరీంనగరంలోనుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల పుట్టాయి. భైంసా నిర్మల్ జిల్లాలోకి పోయింది. కాబట్టి పదిహేనేళ్ళ ధరలను వరుసగా చూడదలచి నిర్మల్ జిల్లా అన్న జల్లెడ పెడితే, 2016కు ముందు భైంసాలో పత్తే పండలేదేమో అనిపించవచ్చు. ఊరు ఎక్కడికీ కదలలేదు. పత్తీ మానలేదు. కాగితంమీద పేరు మారింది, అంతే. జల్లెడలో ఏ పేరు పెడుతున్నామో దాని చరిత్రకూడ తెలిసి ఉండాలన్నమాట.

ఇవన్నీ సవరించిన తరువాత అమ్మాయి చివరి పనికి వచ్చింది. ఏమీ దొరకనప్పుడు పేజీ ఏమని చెప్పాలి? ఇదివరకు ఉన్నది ఒక్కటే మాట: "పత్తి రాలేదు." నిజానికి ఖాళీ జవాబుకు కారణాలు ఎన్నో ఉంటాయి. ఆనాడు మార్కెట్టుకు సెలవు కావచ్చు. మార్కెట్టు నడుస్తున్నా ధర ఇంకా పట్టికకు ఎక్కి ఉండకపోవచ్చు. పేరు కుదరకపోవచ్చు. సిగ్నలు అందక కిటికీయే తెరుచుకొని ఉండకపోవచ్చు. లేదా మా అమ్మాయి చేసినట్టు అంతా చూడకుండా కొంతే చూసి ఉండవచ్చు. వీటన్నిటికీ యంత్రం దగ్గర ఉన్నది ఒకటే సున్నా. ఆ సున్నాను మాటగా మార్చేది మనిషి.

మనకు మాటలకు కరవా? లేదు, కాదు, దొరకలేదు, తెలియదు, ఇంకా రాలేదు – ఒక్కొక్కదానికి ఒక్కొక్క బాధ్యత. "లేదు" అనాలంటే మొత్తం చూసి ఉండాలి. "దొరకలేదు" అనడానికి వెతికి ఉంటే చాలు. "తెలియదు" అనడానికి వెతకనక్కరలేదు, నిజాయితీ ఉంటే చాలు. ఇన్ని మాటలుండగా మా అమ్మాయి అన్నిటికన్న బరువైన మాటను అన్నిటికన్న తేలికగా వాడేసింది.

ఆ ఆదివారం ముగ్గురం చిన్నాయన ఊరికి పోయాము. అమ్మాయి తన బ్యాంకులో దాచుకొన్న డబ్బునుంచి నాలుగున్నరవేలు తీసి తాత చేతిలో పెట్టబోయింది. ఆయన చేయి వెనక్కు తీసుకొన్నాడు.

"పైసలద్దు బిడ్డా. ఒక్కటి జెయ్యి. నీకు తెల్వకుంటె తెల్వదని రాయి. రాలేదని రాయకు. తెల్వదంటె నేను ఇంకొకల్లను అడుగుదును. రాలేదంటివి, ఇగ ఎవల్లనడుగుదు?"

అమ్మాయి అక్కడే గడపమీద కూర్చొని, ఫోనులోనే ఆ వాక్యం మార్చడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పేజీలో ధర దొరకకపోతే ఈ విధంగా కనిపిస్తుంది: "జమ్మికుంట పత్తి ధర ఈ పట్టికలో ఇంతవరకు దొరకలేదు. చివరిసారి దొరికిన తేదీ ఇది. మార్కెట్టు నడుస్తున్నదో లేదో యార్డులో అడిగి తెలుసుకోండి." సిగ్నలు అందకపోతే మాట వేరు. పేరు కుదరకపోతే దగ్గరి పేర్లు నాలుగు చూపి, వీటిలో ఏదని అడుగుతుంది.

చిన్నాయన మిగిలిన నాలుగు క్వింటాళ్ళను వాకిట్లో బాగా ఆరబెట్టి, పేరు నమోదు చేయించి, తనకు దొరికిన రోజున యార్డుకు తోలాడు. తేమ ఎనిమిదిలోపే వచ్చింది. పూర్తి ధర పడిందని ఫోను చేసి చెప్పాడు. పోయిన నాలుగు క్వింటాళ్ళ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఇంటర్నెట్టులో పిల్లల మార్కులు వెతికినా, ఓటర్ల జాబితాలో పేరు వెతికినా, పింఛను కాగితం వెతికినా మనందరికీ ఒకనాడు ఆ ఖాళీ తెర ఎదురవుతుంది. గుండె జారిపోవడానికి ముందు ఒక్కమాట అడగండి: ఇది మొత్తం చూసి చెబుతున్నదా, పై దోసెడు చూసి చెబుతున్నదా? పేరు ఇంకొక విధంగా వ్రాసి చూడండి. పాత జిల్లా పెట్టి చూడండి. ఆ పైన మనిషిని అడగండి.

ఈ నాలుగు ముక్కలూ వ్రాయడానికి కూర్చున్నప్పుడు కళ్ళజోడు మళ్ళీ కనిపించలేదు. "బల్లమీద దొరకలేదు" అని కేకవేశాను. వంటింట్లోనుంచి జవాబు రాలేదు. అమ్మాయే వచ్చి, నా మెడలో వేలాడుతున్న తాడును పట్టుకొని చూపించి వెళ్ళిపోయింది.